క్లచ్ ప్లేటు కొత్తదే, మరి ఫ్లైవీల్ మాటేమిటి?

సంపాదకుల వారికి,

అయ్యా,

పాత కారు కొనబోయేవారికి జాగ్రత్తలు చెబుతూ మీ పత్రికలోనూ ఇతరత్రానూ తరచుగా వ్యాసాలు వస్తున్నాయి. అవి ఉపయోగకరమైనవే అయినా ఆర్‌సీ, ఇన్సూరెన్సు, టైర్లు, మీటరు రీడింగు దగ్గరే ఆగిపోతున్నాయి. పాత డీజిల్ కారు కొన్నవాడి నడ్డి విరిచే ఖర్చు ఒకటి ఫ్లైవీల్ అనే బరువైన చక్రం రూపంలో ఇంజనుకూ గేర్‌బాక్సుకూ నడుమ, గేర్‌బాక్సు కిందికి దించితే తప్ప కంటికి కనిపించని చోట దాగి ఉంటుందని ఎవరూ రాయగా నేను చూడలేదు. ఆ ఖర్చు భరించిన వాడిగా, ముప్పై ఏళ్లు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి కూడా కారు కొనేటప్పుడు ఆ చదువును గుమ్మం బయటే వదిలి వెళ్లిన వాడిగా ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా ఈ కార్లు ఇంతగా ఎందుకు అమ్మకానికి వస్తున్నాయో చెప్పాలి. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై ప్రభుత్వ నియంత్రణ తొలగేదాకా పెట్రోలుకూ డీజిలుకూ మధ్య వ్యత్యాసం బాగా ఉండేది గనుక, రోజూ ఎక్కువ దూరం తిరగనివారు కూడా డీజిల్ కార్లే కొన్నారు. ఆ తరువాత వ్యత్యాసం తగ్గింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే కఠినమైన కాలుష్య ప్రమాణాలు రావడంతో మారుతీ వంటి పెద్ద సంస్థ డీజిల్ కార్ల తయారీకే స్వస్తి చెప్పింది. కొత్త డీజిల్ కారు దొరకడం తగ్గిన కొద్దీ పాతవాటి మీద మోజు పెరిగింది. దీనికి తోడు, ఢిల్లీ రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించగా 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించడంతో, అక్కడి కార్లు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని దక్షిణాదికి దిగడం మొదలైంది. రంగు చెక్కుచెదరకుండా, సీట్లు చిరగకుండా ఉండే ఆ కార్లు సిగ్నలుకూ సిగ్నలుకూ మధ్య ఎన్ని లక్షల సార్లు క్లచ్ తొక్కించుకుని వచ్చాయో మీటరు చెప్పదు.

నేను కొన్న కారు మాత్రం ఢిల్లీది కాదు, మన రాష్ట్రంలోనే తిరిగినది. 2014 మోడలు, 1.6 లీటర్ల డీజిల్ ఇంజను, మీటరు మీద 92 వేల కిలోమీటర్లు. విజయవాడలో పాత కార్ల వ్యాపారి ఒకరి దగ్గర 4,10,000 రూపాయలకు కొన్నాను. బేరం ముగిసే వేళ ఆయన, “క్లచ్ మొన్ననే మార్పించాం మాస్టారూ, ఇక మూడేళ్లు దాని జోలికి వెళ్లక్కర్లేదు” అన్నారు. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ ఆరు నెలల వారంటీ అని ఒక కాగితం కూడా ఇచ్చారు. నేను సంతోషించాను. ఆ మాటా ఆ కాగితమూ రెండూ నిజమే కావడం, అయినా నేను మోసపోవడం ఈ లేఖకు అసలు కారణం.

మూడు వారాలు గడిచాక, ఇంటి ముందు ఇంజను ఆపిన ప్రతిసారీ చివరి క్షణంలో కారు ఒక్కసారి ఊగి ‘దబ్’ మని కింది నుంచి చప్పుడు రావడం గమనించాను. డీజిల్ బండి కదా, మామూలే అనుకున్నాను. మరో నెలకు, ఇంజను నిలకడగా ఆడుతున్నప్పుడు రేకు డబ్బాలో గోళీలు పోసి కదిపినట్టు గలగలమనే శబ్దం మొదలైంది. క్లచ్ పెడల్ తొక్కితే అది చాలావరకు అణిగేది, వదిలితే తిరిగి వచ్చేది. మొదటి గేరులో బండి కదిలేటప్పుడు స్టీరింగు దగ్గర నుంచి సీటు దాకా ఒక వణుకు. ప్రకాశం బ్యారేజీ మీద వాహనాల వరుసలో అడుగడుగునా ఆగుతూ వెళ్లిన రోజున నా భార్య, “ఇది కారా, ట్రాక్టరా?” అని అడిగింది.

శివరాత్రి రద్దీ తగ్గాక శ్రీశైలం వెళ్లాం. ఐదుగురం, సామాను. దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుండగా ముందున్న బస్సు మలుపుల్లో ఆగడం, దాని వెనుక నేను బండిని హాఫ్ క్లచ్‌లో, అంటే పెడల్ సగం తొక్కిపట్టి, నిలబెట్టడం ఒక గంట సాగింది. హ్యాండ్ బ్రేకు వేసి ఆగాలని తెలియక కాదు, అలవాటు. నాలుగో గేరులో యాక్సిలరేటరు తొక్కితే ఇంజను గోల పెరుగుతోంది, వేగం మాత్రం పెరగడం లేదు. కాసేపటికి కాలిన గోనెసంచి వాసన లోపలికి వచ్చింది. క్లచ్ జారుతోందని అప్పుడు అర్థమైంది. మూడు నెలల క్రితం వేసిన ప్లేటు ఇంత త్వరగా ఎలా అరిగిందో మాత్రం అర్థం కాలేదు.

మా ఊరి షెడ్డులో చూపిస్తే ఇంజను మౌంటింగులు, అంటే ఇంజనును బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మెలు, పోయాయన్నారు. రెండు మార్చారు, 6,800 రూపాయలైంది. వణుకు రెండు రోజులు తగ్గినట్టు అనిపించి మళ్లీ వచ్చింది. ఆ మెకానిక్‌ను నేను తప్పుపట్టను. వణుకు అంటే మౌంటింగే ముందు గుర్తుకొస్తుంది, పైగా అది బయటికి కనిపించే భాగం. గేర్‌బాక్సు దించమని చెప్పడానికి ఎవరికైనా ధైర్యం కావాలి.

ఆ ధైర్యం విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయనకు ఉంది. ఇంజను ఆన్ చేయించి, ఆపించి, మళ్లీ ఆన్ చేయించి, ఐదు నిమిషాలు విని, “ప్లేటు సంగతి తరువాత సార్, ముందు ఫ్లైవీల్ చూడాలి” అన్నారు. మర్నాడు గేర్‌బాక్సు దించాక నన్ను పిలిచి చూపించారు. క్లచ్ ప్లేటు మీద కంపెనీ ముద్ర ఇంకా చెరగలేదు, అంటే అది కొత్తదే. అమ్మినాయన అబద్ధమాడలేదు. కానీ దాని వెనుక ఉన్న ఫ్లైవీల్ ముఖం మీద నెమలి కంఠం రంగులో మచ్చలు, సన్నని పగుళ్లు. అంచు చుట్టూ నల్లటి గ్రీజు చిమ్మి, దుమ్ము పట్టి గట్టిపడి ఉంది. పెద్దాయన రెండు చేతులతో దాన్ని పట్టుకుని పక్కకు తిప్పితే కొంత దూరం స్ప్రింగు బిగువేమీ లేకుండా వదులుగా తిరిగి, ఆ తరువాత ‘టక్’ మని ఆగింది. వెనక్కి తిప్పితే అదే వదులు, మళ్లీ ‘టక్’. ఇంటి ముందు నేను విన్న చప్పుడు అదే.

ఇక్కడ పాఠకులకు ఈ భాగం పని తీరు కొంత చెప్పక తప్పదు. కుమ్మరి సారెను కర్రతో ఒకసారి తిప్పి వదిలితే, మళ్లీ కర్ర పెట్టేదాకా తన బరువుతో తానే తిరుగుతూ ఉంటుంది. ఇంజనుకు ఫ్లైవీల్ అలాంటి సారె. నాలుగు సిలిండర్ల ఇంజనులో క్రాంక్‌షాఫ్టు, అంటే ఇంజను తిప్పే ఇరుసు, ఒక చుట్టు తిరిగేలోగా రెండుసార్లు ఇంధనం మండుతుంది. నిలకడగా నిమిషానికి 800 చుట్లు తిరిగే ఇంజను అంటే నిమిషానికి 1,600 దెబ్బలు. పెట్రోలు ఇంజనులో ఆ దెబ్బ మెత్తన, డీజిల్ ఇంజనులో గట్టిది. తక్కువ చుట్లలోనే ఎక్కువ లాగుడు ఇచ్చే నేటి డీజిల్ ఇంజన్లలో ఆ కుదుపు నేరుగా గేర్‌బాక్సులోకి పోతే పళ్లు ఒకదానికొకటి కొట్టుకుని గలగలమంటాయి. అందుకని సారెను రెండు చక్రాలుగా చేశారు. ఒకటి క్రాంక్‌షాఫ్టుకు బిగించి ఉంటుంది, రెండోదాని మీద క్లచ్ కూర్చుంటుంది. రెండింటి నడుమ విల్లులా వంగిన పొడవైన స్ప్రింగులు గ్రీజులో ఉండి, ఇంజను కొట్టే దెబ్బను మింగి, గేర్‌బాక్సుకు నిదానమైన తిప్పుడును మాత్రమే అందిస్తాయి. దీనినే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అంటారు, షెడ్డుల్లో ‘డబుల్ ఫ్లైవీల్’ అని కూడా అంటుంటారు.

ఈ అమరికకు ఒక బలహీనత ఉంది. రెండు చక్రాలూ స్ప్రింగులూ కలిసి ఊగిపోయే వేగం ఒకటుంటుంది, దానిని అనునాదం అని నేను పిల్లలకు బల్ల మీద లోలకాలు కట్టి చూపించేవాడిని. తయారీదారులు దానిని ఇంజను నిలకడ వేగం కంటే కిందికి నెట్టి ఉంచుతారు. కనుక స్టార్టు చేసేటప్పుడూ ఆపేటప్పుడూ మాత్రమే ఇంజను ఆ వేగాన్ని దాటి పోవాలి. స్ప్రింగులు బాగుంటే ఆ దాటడం తెలియదు, అరిగితే ‘దబ్’ మంటుంది. నాలుగో గేరులో నిమిషానికి వెయ్యి చుట్ల దగ్గర ఇంజనును ఈడుస్తూ యాక్సిలరేటరు అదిమే అలవాటున్న వారు ఆ స్ప్రింగులను రోజంతా చివరిదాకా నొక్కేస్తున్నారు. మైలేజీ వస్తుందని మనలో చాలామంది చేసే పని ఇదే, నేను కూడా చేశాను. హాఫ్ క్లచ్ వల్ల పుట్టే వేడి ఇంకో శత్రువు. అది ప్లేటును అరగదీయడంతో ఊరుకోక, లోపలి గ్రీజును పలుచన చేసి బయటికి చిమ్మిస్తుంది.

నా కారులో మూడో కారణం కూడా బయటపడింది. కొత్త ఫ్లైవీల్ కొనే ముందు పెద్దాయన, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్ల నుంచి మిగులు డీజిల్ వెనక్కి పోయే రిటర్ను పైపులు ఊడదీసి, నాలుగు చిన్న ప్లాస్టిక్ సీసాలు తగిలించి, ఇంజనును కొద్ది నిమిషాలు నడిపారు. మూడు సీసాల్లో డీజిల్ వేలెడు ఎత్తు వచ్చింది, మూడో సిలిండరు సీసా మాత్రం సగానికి పైగా నిండింది. ఆ ఇంజెక్టరు తనకు అందిన డీజిల్‌ను సరిగా చిమ్మకుండా వెనక్కి పంపుతోందన్న మాట. నాలుగు దెబ్బల్లో ఒకటి బలహీనంగా పడుతుంటే, ఆ ఎగుడుదిగుడంతా మోసేది ఫ్లైవీలే. “ఇది చూడకుండా కొత్తది వేసి ఉంటే ఏడాదికే మళ్లీ వచ్చేవారు” అన్నారాయన. అమ్మే ముందు క్లచ్ మార్చిన షెడ్డు వారు ఈ రెండూ చూడలేదో, చూసి కూడా ఖర్చు ఎందుకని వదిలేశారో నాకు తెలియదు. గేర్‌బాక్సు దించి, చెడిపోయిన ఫ్లైవీల్ మీదే కొత్త ప్లేటు బిగించడం మాత్రం బీటలు వారిన గోడకు సున్నం వేయడమే.

అప్పుడు నా ముందు రెండు దారులు పెట్టారు. ఒకటి అదే రకం కొత్త ఫ్లైవీల్. రెండోది స్ప్రింగుల్లేని మామూలు గట్టి ఫ్లైవీల్, దానికి తగినట్టు ప్లేటులోనే స్ప్రింగులున్న క్లచ్. రెండో దారిలో ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. కొన్ని మోడళ్లకు పేరున్న విడిభాగాల తయారీదారులే ఇటువంటి సెట్లు ఇస్తున్నారు గనుక దీనిని మోసమని అనలేను. రోజంతా కిరాయి తిప్పే బండికి అదే మేలని వాదించేవారు ఆటోనగర్‌లో చాలామంది ఉన్నారు. కానీ ప్లేటులోని చిన్న స్ప్రింగులు, ఆ పొడవైన వంపు స్ప్రింగులంత దూరం కదలలేవు. మింగబడని కుదుపు గేర్‌బాక్సు బేరింగులకూ పళ్లకూ చేరుతుంది, శబ్దం శాశ్వతంగా ఉంటుంది. పాత ఫ్లైవీల్ రెండు చక్రాలనూ కలిపి వెల్డింగు పెట్టి లేత్ మీద ముఖం తీయించే పద్ధతి ఇంకొకటి ఉందని అక్కడే విన్నాను. నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరిగే బరువైన చక్రం మీద అటువంటి ప్రయోగం ప్రాణాలతో చెలగాటమని ఉపాధ్యాయుడిగా చెప్పవలసిన బాధ్యత నాకుంది.

నేను కొత్త డ్యూయల్ మాస్ ఫ్లైవీలే వేయించాను. ఫ్లైవీలుకు 41,000, క్లచ్ సెట్టూ, పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగూ కలిపి 15,500, ఇంజెక్టరు బాగుచేతకు 9,000, క్రాంక్‌షాఫ్టు వెనుక ఆయిల్ సీలు, కొత్త బోల్టులు, గేరు ఆయిలు 4,200, కూలి 9,000. మొత్తం 78,700 రూపాయలు. మౌంటింగులకు పోయినది వేరు. కారు ధరలో దాదాపు ఐదో వంతు. ఫ్లైవీల్ బోల్టులు ఒకసారి బిగిస్తే సాగుతాయి గనుక వాటిని తిరిగి వాడకూడదని పెద్దాయన పట్టుబట్టి కొత్తవి తెప్పించారు. ఆ కొద్దిపాటి ఖర్చు దగ్గర కక్కుర్తి పడే షెడ్డులు ఉన్నాయని ఆయనే అన్నారు.

బిల్లు తీసుకుని కారు అమ్మిన వ్యాపారి దగ్గరకు వెళ్లాను. ఆయన మర్యాదగానే మాట్లాడారు. “క్లచ్ మార్చామన్నాం మాస్టారూ, మార్చాం. ఫ్లైవీల్ మార్చామని మేం అనలేదు కదా.” వారంటీ కాగితం చూపిస్తే, ఇంజను అంటే ఇంజనే, గేర్‌బాక్సు అంటే గేర్‌బాక్సే, ‘క్లచ్ తదితర అరుగుదల భాగాలు’ వర్తించవని కింద చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం చూపించారు. ఫ్లైవీల్ క్రాంక్‌షాఫ్టుకు బిగించి ఉంటుంది, ఇంజను తిరిగినంతసేపూ తిరుగుతుంది, అది క్లచ్‌లో భాగం ఎలా అవుతుందని అడిగాను. “అందరూ అలానే లెక్క వేస్తారండీ” అన్నారు. ఇంజనుకు చెందదు, గేర్‌బాక్సుకు చెందదు. రెండింటి వారంటీల మధ్య ఉన్న సందులో నా డబ్బు పడిపోయింది.

నేను వినియోగదారుల కమిషనుకు వెళ్లలేదు, ఎందుకంటే ఆయన చెప్పినదేదీ నేను రాయించుకోలేదు. రాయించుకునేవారికి మాత్రం చట్టం అండ ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బాగుచేసిన, పాత వస్తువును కొత్తదిగా నమ్మించి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. రీకండిషన్ చేసిన, అంటే బాగుచేసిన పాత ఫ్లైవీల్‌ను కొత్తదని వేసి తెల్లకాగితం మీద లెక్క రాసిచ్చే షెడ్డులకు ఈ రెండూ వర్తిస్తాయి. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే జిల్లా కమిషనులో రుసుము లేదు, మనం నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు, గడువు రెండేళ్లు. 1915 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. అయితే ఇదంతా వ్యాపారి దగ్గర కొన్నప్పుడే. కారు సొంతదారు దగ్గర నేరుగా కొంటే ఈ రక్షణ ఉండదని గుర్తుంచుకోవాలి.

కొనబోయేవారు చూసుకోవలసినవి పెద్ద కష్టమైనవి కావు. వెళ్లే ముందు ఇంజను వేడెక్కించి ఉంచవద్దని చెప్పాలి. చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేసి, బానెట్ పక్కన నిలబడి, ఇంజను ఆపమని చెప్పి చివరి క్షణం వినాలి. పెడల్ తొక్కినప్పుడు పోయే గలగలకూ, తొక్కినప్పుడే వచ్చే గీరుడుకూ తేడా ఉంది. రెండోది సాధారణంగా రిలీజ్ బేరింగుది, దాని కథ వేరు. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో తక్కువ వేగం నుంచి నిదానంగా వేగం పెంచితే, అరిగిన ఫ్లైవీల్ వణుకుతో తనను తాను చెప్పుకుంటుంది. నాలుగో గేరులో యాక్సిలరేటరు గట్టిగా తొక్కినప్పుడు ఇంజను చుట్లు చూపే ముల్లు పైకి పోయి బండి వేగం కదలకపోతే క్లచ్ జారుతున్నట్టు. అన్ని డీజిల్ కార్లలోనూ డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉండదు, చాలా చిన్న కార్లకు మామూలుదే ఉంటుంది. ఛాసిస్ నంబరు చెబితే కంపెనీ విడిభాగాల కౌంటరులో ఏది ఉన్నదీ, ధర ఎంతో చెబుతారు. నేను ఆ ఒక్క ఫోను చేసి ఉంటే బేరం వేరుగా ఆడేవాడిని. ఇక క్లచ్ మార్చామని ఎవరైనా అంటే సంతోషించి ఊరుకోకుండా, ఎప్పుడు, ఎందుకు మార్చారు, ఆ రోజు ఫ్లైవీల్ కొలిచారా, బిల్లు ఏది అని అడగాలి. తిప్పితే ఎంత వదులు ఉండవచ్చో, ఊపితే ఎంత కదలవచ్చో ప్రతి ఫ్లైవీలుకూ తయారీదారు కొలతలు ఇస్తారు. గేర్‌బాక్సు దించిన వాడికి, సన్నని కదలికను కొలిచే డయల్ గేజీ పెట్టి చూడటం పది నిమిషాల పని.

పాత వాహనాల వ్యాపారులు రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలని 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెబుతున్నాయి. కారు ఎవరి చేతికి వచ్చింది, ఎక్కడెక్కడ తిరిగింది అనే నమోదు దాకా అవి బాగానే ఆలోచించాయి. వారి లాభంపై 18 శాతం జీఎస్టీ కూడా ప్రభుత్వానికి అందుతోంది. కానీ ఆ నిబంధనలు కాగితాల సంగతి చూసినంతగా కారు లోపలి సంగతి చూడలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా శాఖలు ఆ అనుమతులు ఇచ్చేటప్పుడు, అమ్మకానికి పెట్టిన ప్రతి డీజిల్ కారు తనిఖీ పత్రంలోనూ ఈ కారుకు ఏ రకం ఫ్లైవీల్ ఉంది, చివరగా గేర్‌బాక్సు దించినప్పుడు దాని కొలతలు ఎంత, లేదా కొలవలేదు అనే ఒక వరుసను చేర్చమని వ్యాపారులకు సూచించగలవని నా అభిప్రాయం. ‘కొలవలేదు’ అని రాసినా నాకు అభ్యంతరం లేదు. ఆ మాట చూసిన కొనుగోలుదారుడు కనీసం యాభై వేలు పక్కన పెట్టుకుని బేరానికి కూర్చుంటాడు.

మార్చిన పాత ఫ్లైవీల్‌ను అడిగి ఇంటికి తెచ్చుకున్నాను, వరండాలో ఉంది. మా వీధిలో డీజిల్ కారు కొనాలనుకున్న ఇద్దరు ఇప్పటికే వచ్చి దాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పి ఆ ‘టక్’ విని వెళ్లారు. వారిలో ఒకరు తాను చూసి వచ్చిన కారు కూడా ఆపేటప్పుడు అలాగే అంటోందని మర్నాడు ఫోను చేసి చెప్పారు.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
మంగళగిరి